సూదిమందుతో గుండెలో కొత్త రక్తనాళాలు మొలుస్తాయా?

గుండె జబ్బుల మీద పాఠకుల ప్రశ్నలకు పాలకొల్లు నుంచి ఒక పాత గుండె డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 66 ఏళ్లు. 2011లో బైపాస్ అయ్యింది. రెండేళ్ల నుంచి ఇంటి నుంచి కొబ్బరితోట దాకా నడిస్తే చాలు, గుండె పట్టేసినట్టు ఉంటోంది. కాసేపు గట్టు మీద కూర్చుంటే తగ్గుతుంది. మొన్న మళ్లీ యాంజియోగ్రామ్ తీశారు. అప్పట్లో వేసిన నాళాల్లో రెండు మూసుకుపోయాయనీ, మిగిలినవి సన్నగా ఉన్నాయి కాబట్టి స్టెంట్ పట్టదనీ, రెండోసారి బైపాస్ రిస్క్ అనీ చెప్పి మందులు రాసి పంపేశారు. మా బావగారు వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. జీన్ ఇంజెక్షన్ చేస్తే గుండెలో కొత్త నాళాలు పుడతాయట, ఆపరేషన్ అక్కర్లేదట. వీడియోలో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే ఏడు లక్షలు అవుతుందనీ, సగం ముందే కట్టాలనీ అన్నారు. ఎకరం తోట అమ్మకానికి పెడదామా అని ఇంట్లో మాట్లాడుకుంటున్నాం. నాన్నగారికి షుగరు కూడా ఉందండి. కంట్లో రక్తనాళాలు పాడయ్యాయని కాకినాడలో కంటికి ఇంజెక్షన్లు వేయిస్తున్నాం. నిజంగా ఇలాంటి వైద్యం ఉందా?

జవాబు: తోట అమ్మకండి. బేరం మొదలుపెట్టి ఉంటే ఆపేయండి. మిగతాది నింపాదిగా చదివి, నాన్నగారికి కూడా వినిపించండి.

ఆ వీడియో నాకూ వచ్చింది. వెనక వీణ వాయిస్తూ ఉంటుంది, ముందు ఎర్రటి గుండె బొమ్మ మీద సన్నటి నాళాలు అల్లుకుపోతూ ఉంటాయి. అది పూర్తిగా అబద్ధమైతే రెండు ముక్కల్లో తేల్చేసేవాణ్ణి. సగం నిజం కావడంతోనే వచ్చింది చిక్కంతా.

మీది కాలువ కింద ఊరే కాబట్టి ఇలా చెబుతాను. పెద్ద కాలువలో ఎక్కడో పూడిక పేరుకుని నీరు ఆగిపోయిందనుకోండి. పక్క చేలల్లోని పంటబోదెల మీదుగా ఎంతో కొంత నీరు జారి, శివారు పొలం పూర్తిగా ఎండిపోకుండా నిలబడుతుంది. గుండెలోనూ అంతే. పెద్ద నాళం నెమ్మదిగా మూసుకుపోతే చుట్టుపక్కల సన్న నాళాలు వెడల్పయి పక్కదారిన రక్తం తెస్తాయి. నాళం నూటికి నూరుపాళ్లు మూసుకుపోయినా గుండె కండ చావకుండా ఉన్నవాళ్లను నేను చాలామందిని చూశాను. యాంజియోలో ఆ పక్కదారులు జుట్టంత సన్నగా మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. మీ నాన్నగారు ఇవాళ తోట దాకా నడవగలుగుతున్నారంటే ఆయనలోనూ అవి కొన్ని పనిచేస్తున్నట్టే లెక్క.

మరి ఆ పక్కదారుల్ని మందుతో పెంచలేమా? ఈ ప్రశ్న చాలా పెద్దవాళ్లే వేసుకున్నారు. రక్తనాళాలు మొలవమని కణాలకు కబురు పంపే ప్రోటీన్ ఒకటి మన ఒంట్లోనే ఉంది. పేరు వీఈజీఎఫ్. అమెరికాలో నెపోలియోన్ ఫెరారా అనే శాస్త్రవేత్త 1989లో దీన్ని విడదీసి చూపించాడు. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జీన్‌ను రక్తం అందని చోట దింపితే కండే తనకు కావలసిన మందు తానే చేసుకుంటుంది కదా అని బోస్టన్‌లో డాక్టర్ జెఫ్రీ ఇస్నర్ ముందుగా కాళ్లలో ప్రయత్నించాడు. 71 ఏళ్ల ఒక పెద్దావిడకు కాలి రక్తనాళంలో ఆ జీన్ ఎక్కించారు. 1996లో అచ్చయిన ఆ రిపోర్టు నేను చదివాను. యాంజియోలో కొత్త నాళాలు కనిపించాయి. దాంతోపాటు ఆవిడ కాలికి వాపు వచ్చింది, చర్మం మీద సాలీడు ఆకారంలో ఎర్రటి మచ్చలు లేచాయి. అవీ రక్తనాళాలే, అక్కర్లేని చోట పుట్టినవి. మందు పనిచేస్తుందనడానికీ, చెప్పినచోటే పనిచేస్తుందన్న గ్యారంటీ లేదనడానికీ ఆ ఒక్క కాలే సాక్ష్యం.

తర్వాత గుండె వంతు. న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో డాక్టర్ రొనాల్డ్ క్రిస్టల్ బృందం, బోస్టన్‌లో ఇస్నర్ బృందం 1997, 98 ప్రాంతాల్లో గుండె కండలోకే సూదితో ఈ జీన్ ఎక్కించడం మొదలుపెట్టారు. ఎక్కించేది ఎలాగంటే, కొందరు జలుబు తెచ్చే అడినో వైరస్‌ను పెరగకుండా చేసి, దానిలో ఈ జీన్ పెట్టి పంపిస్తారు. కొందరు వైరస్ లేకుండా ఉత్తి డీఎన్ఏ ముక్కనే ఎక్కిస్తారు. ఛాతీ పక్కన చిన్న కోత పెట్టి గానీ, తొడ దగ్గర నుంచి గుండె గదిలోకి గొట్టం పంపి దాని కొసనున్న సూదితో గానీ, నాలుగైదు చోట్ల నుంచి ముప్పై చోట్ల దాకా చుక్కచుక్కగా పొడుస్తారు. వైరస్‌తో వెళ్లిన జీన్ వారం, రెండు వారాలు పనిచేసి ఆగిపోతుంది.

మొదటి రిపోర్టులు చూసి మేమందరం సంబరపడ్డాం. ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లు ఎక్కువ దూరం నడిచారు, నొప్పి తగ్గిందన్నారు. మీ బావగారి వీడియో అక్కడితో ఆగిపోయింది. కథ ఆ తర్వాతే ఉంది.

గుండెనొప్పి వైద్యంలో ఒక పాత సంగతి ఉంది. 1950లలో ఛాతీ లోపలి ఒక నాళాన్ని ముడివేస్తే గుండెకు రక్తం పెరుగుతుందని ఆపరేషన్లు చేసేవారు. చేయించుకున్నవాళ్లకు నొప్పి తగ్గేది కూడా. 1959లో సియాటిల్‌లో డాక్టర్ లెనార్డ్ కాబ్ 17 మందిని తీసుకుని, కొందరికి నిజంగా ముడివేసి, మిగతావాళ్లకు పై చర్మం కోసి కుట్టేశాడు. ఎవరికి ఏది చేశారో రోగికి చెప్పలేదు. రెండు రకాల వాళ్లకూ నొప్పి ఒకేలా తగ్గింది. ఆ దెబ్బతో ఆ ఆపరేషన్ మూలపడింది. నొప్పి తగ్గిందన్నవాళ్లు అబద్ధం చెప్పలేదండి. ఏదో పెద్ద వైద్యం జరిగిందన్న ధైర్యంతో మనిషి నాలుగడుగులు ఎక్కువ వేస్తాడు, మందులు వేళకు వేసుకుంటాడు, నొప్పిని పట్టించుకోవడం తగ్గుతుంది. అందుకే ఈ జబ్బులో ఏ కొత్త వైద్యాన్నయినా ఉత్తి సూదితో పోల్చి చూడకుండా నమ్మకూడదు.

అలా పోల్చి చూస్తే ఏమైంది? వీఈజీఎఫ్ ప్రోటీన్‌నే నేరుగా ఎక్కించి 178 మంది మీద చేసిన పరీక్ష ఫలితం 2003లో వచ్చింది. రెండు నెలల తర్వాత ట్రెడ్‌మిల్ మీద మందు తీసుకున్నవాళ్లు మునుపటికన్నా సుమారు 30 సెకన్లు ఎక్కువ నడిచారు. మందులేని సూది తీసుకున్నవాళ్లు 48 సెకన్లు! నాలుగు నెలలయ్యేసరికి ఎక్కువ డోసు వాళ్లకు నొప్పిలో కొంత తేడా కనిపించిన మాట నిజమే, కానీ ఎకరం అమ్ముకునేంత తేడా కాదు. ఎఫ్‌జీఎఫ్-4 అనే ఇంకో జీన్‌ను అడినో వైరస్‌తో గుండె నాళాల్లోకి పంపిన జంట పరీక్షల్లో 532 మంది చేరారు. మధ్యలో లెక్కలు తీసి చూస్తే ఫలితం తేలేలా లేదని ఆపేశారు. ఆడవాళ్లలో మాత్రం కొంత లాభం ఉన్నట్టు తర్వాత లెక్కల్లో తేలింది, దాని మీద ఆశ ఇంకా వదల్లేదు. కెనడాలో 93 మందికి వీఈజీఎఫ్ డీఎన్ఏ ఎక్కించిన పరీక్ష 2009లో అచ్చయింది. ఆరు నెలలకు స్కాన్‌లో తేడా ఏమీ లేదు.

ఎందుకిలా జరిగింది? నాకు తోచిన ముఖ్యమైన కారణం మళ్లీ కాలువ దగ్గరే ఉంది. వీఈజీఎఫ్ ఎక్కువగా మొలిపించేవి వెంట్రుక కన్నా సన్నటి కేశనాళికలు. అంటే శివారు చేలో బోదెలు తవ్వడమన్నమాట. పై నుంచి నీరే దిగనప్పుడు బోదెలు ఎన్ని తవ్వితే ఏం లాభం? కావలసింది ఒక కాలువను ఇంకో కాలువతో కలిపే దారి, అది వెడల్పుగా, గట్టి గోడతో ఉండాలి. ఆ పనికి ఒక్క ప్రోటీన్ రెండు వారాలు వాగితే చాలదు. పైగా పందుల్లోనూ కుందేళ్లలోనూ బ్రహ్మాండంగా పనిచేసినవి పడుచు జంతువుల మీద చేసిన ప్రయోగాలు. మన రోగులకు వయసు, షుగరు, ఏళ్ల తరబడి కాల్చిన చుట్ట అన్నీ కలిసి ఉంటాయి. కబురు వెళ్లినా పలికే కణాలు తక్కువ.

పరిశోధన ఆగిపోలేదు. ఫిన్లాండ్‌లోని కుఒపియోలో డాక్టర్ సెప్పో ఈలా-హెర్టువాలా బృందం వీఈజీఎఫ్-డి అనే దగ్గరి చుట్టాన్ని 30 మందిలో పరీక్షించి 2017లో కాస్త ఆశపుట్టించే ఫలితం చూపించింది. బైపాస్ చేసేటప్పుడే వీఈజీఎఫ్ ఎంఆర్ఎన్ఏ పొడిచే పరీక్ష 11 మందిలో జరిగింది. కోవిడ్ టీకాల్లో వాడిన ఎంఆర్ఎన్ఏ జాతిదే ఇదీ. కాళ్ల జబ్బుకైతే రష్యా 2011లో ఒక వీఈజీఎఫ్ మందుకు అనుమతి ఇచ్చింది. జపాన్ 2019లో వేరే జీన్ మందుకు షరతులతో అనుమతి ఇచ్చింది, తర్వాత అది మార్కెట్ నుంచి వెనక్కి పోయింది. గుండె కోసం డబ్బు తీసుకుని వేయదగ్గ అనుమతి పొందిన ఇంజెక్షన్ మన దేశంలో లేదు. డాక్టర్ ఇస్నర్ కూడా తన పని పూర్తికాకుండానే 2001లో పోయాడు, 53 ఏళ్లకే, గుండెపోటుతో.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అదరగొట్టిన ముక్క. నాన్నగారికి కంట్లో ఇంజెక్షన్లు వేయిస్తున్నామని మామూలుగా రాసేశారు. అవాస్టిన్, రానిబిజుమాబ్ లాంటి ఆ ఇంజెక్షన్లు దేనికో తెలుసా? షుగరు వల్ల కంట్లో వీఈజీఎఫ్ ఎక్కువై, పిచ్చి నాళాలు మొలిచి, కారి, చూపు పోతుంది. దాన్ని అణచడానికే ఆ సూది. వీఈజీఎఫ్ కనిపెట్టిన ఆ ఫెరారా పని నుంచి పుట్టిన మందులే ఇవి. అంటే కాకినాడలో కంట్లో దేన్ని అణచివేస్తున్నారో, దాన్నే గుండెలో ఏడు లక్షలు పోసి పెంచుతామంటున్నారు. అందులోంచి కొంత రక్తంలోకి జారి కంటిదాకా వస్తే? అసలైన పరీక్షల్లో ఇలాంటి కళ్లున్నవాళ్లనూ, క్యాన్సర్ వచ్చినవాళ్లనూ సాధారణంగా చేర్చుకోరు. ఫోన్లో మాట్లాడినవాళ్లు కంటి సంగతి అడిగారా? అడిగి ఉంటే మీరు రాసేవారు.

ఇంకో పరీక్ష కూడా పెట్టి చూడండి. మన దేశంలో కొత్త మందు ప్రయోగం ఏదైనా సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో ముందే నమోదు కావాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పరీక్షిస్తున్న మందుకు రోగి దగ్గర డబ్బు గుంజడం ఉండదు. ‘సీటీఆర్ఐ నంబరు చెప్పండి’ అని ఫోన్లో అడగండి. తడబడితే పెట్టేయండి. ఇలాంటి చోట్ల జీన్ అని చెప్పి మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కించేవాళ్లూ ఉన్నారు. వాటి సంగతీ అంతే: గుండె జబ్బుకు మూలకణాలను ప్రయోగంగా తప్ప అమ్మకానికి వాడకూడదని కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లోనే రాసిపెట్టింది.

సరే, ఇంజెక్షన్ వద్దంటున్నారు, నాన్నగారి నొప్పి మాటేమిటి అంటారు. స్టెంట్ పట్టదన్నంత మాత్రాన చేతులెత్తేసినట్టు కాదు. మందుల చీటీ నాకు పంపలేదు గానీ, ఇలాంటి చీటీల్లో నేను తరచూ చూసేది నొప్పి మందు ఒక్కటే, అదీ చిన్న డోసులో ఏళ్ల తరబడి అలాగే నడుస్తూ ఉండటం. నాడి నెమ్మదించే బీటా బ్లాకర్, నైట్రేట్, రానొలజీన్, నికొరాండిల్, ఐవాబ్రాడీన్... ఇవన్నీ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి. ఏది ఎంత, దేనికి ఏది జత అన్నది మీ డాక్టరు బీపీ, నాడి, కిడ్నీ చూసి తేలుస్తారు. ‘ఇంకేదైనా కలపొచ్చా, డోసు పెంచొచ్చా’ అని మీరు అడగండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూడమనండి. రక్తం తక్కువగా ఉంటే గుండెనొప్పి ఎక్కువవుతుంది, దాన్ని సరిచేస్తే సగం బాధ తీరిన రోగులున్నారు. యాంజియో సీడీ కాపీ అడిగి తీసుకుని, మూసుకుపోయిన పాత నాళాలు తెరవడంలో చేయి తిరిగిన ఇంకో కార్డియాలజిస్టుకు చూపించండి. ఒకచోట కుదరదన్నది ఇంకోచోట కుదరవచ్చు. ఏడు లక్షలతో పోలిస్తే కారు కిరాయి ఎంత!

సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకోవడం నాన్నగారికి తెలుసు కదా? చొక్కా జేబులో కాగితంలో చుట్టి, చెమటకు పిండైపోయిన మాత్రలు చూపిస్తుంటారు మనవాళ్లు. కొత్త స్ట్రిప్ కొని, స్ట్రిప్‌లోనే ఉంచండి. నొప్పి రాగానే కూర్చుని పెట్టుకోవాలి, నిలబడి కాదు, కళ్లు తిరిగి పడిపోతారు. మగతనం మాత్రలు వేసుకుంటే రెండు రోజుల దాకా దాన్ని ముట్టకూడదు. ఈ సంగతి కొడుకు అడగలేడు, మీ డాక్టరు చేత చెప్పించండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే రెండోది పెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊళ్లో మంచి కారు ఎవరిదా అని వెతుక్కోవద్దు.

నడక ఆపించకండి. కొత్త నాళాల మాట ఎత్తారు కాబట్టి ఇది వినండి. గుండెనొప్పిని 1772లో మొదట సరిగ్గా వర్ణించిన లండన్ డాక్టరు విలియం హెబర్డెన్ దగ్గర ఒక రోగి ఉండేవాడు. రోజూ అరగంట కట్టె కోయడం పనిగా పెట్టుకున్నాడు, నొప్పి దాదాపు పోయిందని హెబర్డెన్ రాశాడు. ఈ మధ్య జర్మనీలో 60 మంది మీద చేసిన పరీక్షలో నాలుగు వారాలు గట్టిగా వ్యాయామం చేయించి, గుండెలో గొట్టం పెట్టి కొలిస్తే పక్కదారుల్లో రక్తప్రవాహం పెరిగింది. ఇది 2016 నాటి సంగతి. నాన్నగారి చేత కట్టెలు కోయించమనడం లేదు, దింపులు తీసే వాళ్ల వెంట కాయలు మోయించమనడమూ లేదు. మీ డాక్టరు సరేనన్నాక, చల్లటి వేళ చదునైన దారిలో, భోజనం చేసిన వెంటనే కాకుండా, నొప్పి మొదలయ్యే దాకా నడిచి ఆగి, తగ్గాక మళ్లీ నడవడం. పక్కన ఒక మనిషి ఉండాలి. మొదట్లో ఆయనకి విసుగు. పదిమందీ చూస్తారని మొహమాటం. తోటలోనే నడిపించండి, ఎలాగూ అమ్మడం లేదు కదా.

ప్రశ్న: నరసాపురం నుంచి ఒక చెల్లెలు: అన్నయ్య గారూ, మా వారికి ‘నేచురల్ బైపాస్’ అని కాళ్లకు పట్టీలు కట్టి 35 రోజులు చేస్తామంటున్నారు. ఇదీ మోసమేనా?

జవాబు: మోసం కాదమ్మా, పేరే మోసం. దాన్ని ఈఈసీపీ అంటారు. పిక్కలకు, తొడలకు, పిరుదులకు కట్టిన పట్టీలు గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో బిగిసి, రక్తాన్ని వెనక్కి గుండె నాళాల వైపు నెడతాయి. రోజుకు గంట చొప్పున 35 గంటలు. ఉత్తుత్తి బిగింపుతో పోల్చి 139 మంది మీద చేసిన పరీక్ష 1999లో వచ్చింది, నొప్పి రావడం కొంత తగ్గింది. బ్లాకులు కరగవు, బైపాస్‌కి బదులూ కాదు. బైపాస్ అవసరమని చెప్పినవాళ్లు దీన్ని సాకుగా పెట్టుకుని వాయిదా వేయడమే నాకు భయం. స్టెంటూ బైపాసూ కుదరక, మందులతో నొప్పి ఆగనివాళ్లు చేయించుకోవచ్చు. గుండె పెద్ద కవాటం కారుతున్నా, కాలి నాళాల్లో గడ్డలున్నా చేయించుకోకూడదు కాబట్టి ముందు ఎకో, కాళ్ల డాప్లర్ తీయించండి.

ప్రశ్న: అమలాపురం నుంచి డిగ్రీ చదివే అమ్మాయి: సార్, మా నాన్నగారికి 48 ఏళ్లకే హార్ట్ ఎటాక్ వచ్చింది. జీన్ థెరపీ చేస్తే మా వంశంలో గుండె జబ్బు పూర్తిగా పోతుందా? ఆ మార్పు పిల్లలకు వస్తుందా?

జవాబు: రాదమ్మా. పైన చెప్పిన ఇంజెక్షన్ జీన్ గుండె కండలో కొన్నాళ్లుండి పోయేదే, పిల్లలకు దిగదు. జీన్ థెరపీ మొత్తంగా ఉత్తిదే అనుకోకు. వెల్లూరు సీఎంసీలో హిమోఫిలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు ఉన్న ఐదుగురికి రక్తం గడ్డకట్టే జీన్ ఎక్కించి, రక్తస్రావాలు ఆగిపోయాయని 2024లో రిపోర్టు చేశారు. అక్కడ చెడింది ఒకే ఒక్క జీన్, అందుకని కుదిరింది. గుండె నాళాల్లో పూడిక చాలావరకు ఎన్నో జీన్లు, తిండి, పొగ, షుగరు, బీపీ కలిసి చేసే పని. అయితే ఒక్క జీన్ తేడాతో పుట్టుక నుంచే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే కుటుంబాలూ ఉన్నాయి, చిన్న వయసు ఎటాక్‌లు అక్కడ ఎక్కువ. నువ్వూ, తోబుట్టువులుంటే వాళ్లూ, ఉదయం టిఫిన్‌కి ముందు లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. అందులో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 190 దాటితే ఆ కాగితం పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాలి, పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోకూడదు.